పూచీ లేని మాట

కృత్రిమ మేధ మన సాహిత్యాన్ని మింగేస్తుందా అని యీ మధ్య సభల్లోనూ, అధ్యాపకుల గదుల్లోనూ తరచు చర్చ జరుగుతున్నది. మింగేస్తుందని కొందరు భయపడుతున్నారు. యంత్రానికి హృదయం లేదు గనక కవిత్వం దానివల్ల కాదని మరికొందరు ధైర్యం చెప్పుకుంటున్నారు. యీ రెండు వాదాలూ నాకు సరైనవిగా తోచటం లేదు. మొదటిది యంత్రాన్ని చూసి, దాని వెనుకనున్న యజమానిని మరిచిపోతుంది. రెండవది హృదయమనే మాట చాటున మన లోపాలను దాచిపెడుతుంది. నేనీ అభిప్రాయానికి పుస్తకాలు చదివి రాలేదు. వొక పొరపాటు చేసి వచ్చాను. ఆ పొరపాటేమిటో ముందుగా చెప్పుకోవటం న్యాయం.

మాది ఇందుకూరుపేట. రోజూ మైపాడు రోడ్డు బస్సు పట్టుకుని నెల్లూరు వెళ్ళి తెలుగు పాఠం చెప్పి వస్తుంటాను. ఆ మధ్య విద్యార్థుల కవితల పోటీ వొకటి జరిగింది. న్యాయనిర్ణేతల్లో నేనొకణ్ణి. వచ్చిన వాటిలో రొయ్యల షెడ్లలో పనిచేసే ఆడవాళ్ళమీద రాసిన కవిత వొకటి వుంది. దానికి మొదటి బహుమతి యివ్వాలని పట్టుబట్టినవాణ్ణి నేనే. వస్తువు శ్రామికజీవితం, భాష సరళం, ముగింపులో పోరాట చైతన్యం వున్నదని సభలో పది నిమిషాలు మాట్లాడాను కూడా. వారం తిరగకముందే ఆ అమ్మాయి నా దగ్గరికి వచ్చి తలవంచుకు నిలబడింది.

"సార్, ఆ కవిత నేను రాయలేదు సార్. ఫోనులో అడిగితే అదే రాసిచ్చింది."

"మరి ఆ మాట ముందే యెందుకు చెప్పలేదమ్మా?"

"బాగలేదంటారేమో అనుకున్నాను సార్. మీరు బాగుందన్న తర్వాత చెప్పాలంటే భయమేసింది."

షెడ్డు పని సంగతి నీకేమైనా తెలుసా అని అడిగాను. వాళ్ళమ్మ చేసేది ఆ పనేనట. తెల్లవారకముందే ఆటోలో పోయి, ఐసులో పెట్టిన రొయ్యలకు తలలు తీస్తుందట. "సాయంత్రం ఇంటికొచ్చి అన్నం కలుపుకునేటప్పుడు చేతికి వేడి తెలియదంటాది సార్. నోట్లో పెట్టుకున్నాకనే కాలిందని తెలుస్తాదంట" అన్నది. మరి యీ సంగతే యెందుకు రాయలేదమ్మా అన్నాను. ఆ పిల్ల నావంక ఆశ్చర్యంగా చూసి, "ఇదేం కవిత్వం సార్?" అన్నది.

నేను చాలా రోజులు ఆ ప్రశ్న గురించే ఆలోచించాను. తల్లి చేతివేళ్ళకు అన్నం వేడి తెలియకపోవటం కవిత్వం కాదనీ, ఫోను రాసిచ్చింది మాత్రం కవిత్వమేననీ ఆమెకు చెప్పిందెవరు? యంత్రం చెప్పలేదు. మనమే చెప్పాము. ఆ బహుమతి కవితను మళ్ళీ తీసి చదివాను. బిగిసిన పిడికిలి, యెర్రబారిన తూర్పు, ముత్యాలుగా మారే చెమటబిందువులు, చివరకు రేపటి ఉదయం — అన్నీ వున్నాయి. వీటిలో ఏ వొక్కదాన్నీ యంత్రం కనిపెట్టలేదు. మన సంపుటాలనుంచి, మన ప్రత్యేక సంచికలనుంచి, మన పాఠ్యపుస్తకాలనుంచి పోగుచేసుకున్నది. ఆ ప్రతీకలను మొదట వాడిన కవులు వాటిని తమ కాలపు పోరాటాలలోంచి తెచ్చుకున్నారు. తరువాతివాళ్ళం వాటిని అచ్చులు చేసి వుంచుకున్నాం. అచ్చు వున్నచోట ఇటుక పొయ్యటానికి మనిషే కావాలని యేమున్నది? మనం యేయే చోట్ల చూడటం మానేసి రాస్తున్నామో, యంత్రం సరిగ్గా ఆయా చోట్లనే మనకంటె తొందరగానూ, చవకగానూ రాస్తున్నది. దాన్ని తిట్టబోయేముందు మనం చేసుకోవలసిన ఆత్మవిమర్శ యిది.

ఇంతకూ యీ యంత్రం చేసే పని యేమిటి? 2022 నవంబరులో చాట్‌జీపీటీ విడుదలైన తరువాత మామూలు జనానికి పరిచయమైన యీ భాషా నమూనాల మూలసూత్రం వినటానికి సామాన్యమైనదే. మనుషులు రాసిన కోట్లాది పుటలను దానికి అందిస్తారు. ఏ మాట తరువాత ఏ మాట రావటానికి యెంత అవకాశమున్నదో అది లెక్క కడుతుంది. ఆ లెక్కప్రకారం వొకదాని వెనుక వొకటిగా ముక్కలను పేరుస్తూ పోతుంది. లెక్క చాలా పెద్దది గనక, మనుషులు ప్రశ్నలకు యెలా జవాబిస్తారో దానిచేత మళ్ళీమళ్ళీ అభ్యాసం చేయిస్తారు గనక, ఫలితం అబ్బురంగానే వుంటుంది. అందులో మోసమేమీ లేదు. అసలు మోసం మనం దానికి అంటగట్టే గుణాల్లో వుంది. 1966లో జోసెఫ్ వైజెన్‌బామ్ అనే శాస్త్రవేత్త అమెరికాలో 'ఎలైజా' అనే చిన్న ప్రోగ్రాము తయారుచేశాడు. మనం అన్న మాటనే కొంచెం తిప్పి ప్రశ్నగా అడగటం తప్ప దానికి మరేమీ తెలియదు. అయినా జనం దానితో తమ కష్టసుఖాలు చెప్పుకోవటం చూసి, దాన్ని తయారుచేసినవాడే కలవరపడ్డాడు. అవతల వినేవాడొకడున్నాడని నమ్మటం మనిషికి అలవాటు.

తరువాతి మాట వూహించటమంటే మా నెల్లూరువాళ్ళకు వెంటనే గుర్తుకొచ్చే కథ వొకటున్నది. పదమూడో శతాబ్దిలో మనుమసిద్ధి కొలువులో తిక్కన మహాభారతంలోని పదిహేను పర్వాలను తెలుగు చేశాడు. ఆయన చెపుతుంటే రాసిపెట్టినవాడు కుమ్మరి గురునాథుడని ప్రతీతి. చెప్పటంలో తాను తడబడితే నాలుక కోసుకుంటానని కవి ప్రతిజ్ఞ చేశాడట. వొకచోట నిజంగానే తడబడి, ఇక యేమి చెప్పేదని గురునాథుణ్ణి అడిగాడట. గురునాథుడు గంటం ఆపకుండా ఆ ప్రశ్ననే పద్యంలో రాసుకుపోయాడనీ, అది ఆ సందర్భానికి అతికినట్టు సరిపోయి కవి నాలుక దక్కిందనీ చెపుతారు. ఇది చరిత్ర కాకపోవచ్చు. అయితే సాహిత్యమంటే మన జనం యేమనుకుంటున్నారో యీ కథ చక్కగా చెపుతుంది. చెప్పేవాడు తన నాలుకను పూచీ పెట్టి చెపుతున్నాడు. రాసేవాడు ఆ పూచీ సంగతి తెలిసి రాస్తున్నాడు. గురునాథుడు కూడా తరువాతి మాటను వూహించినవాడే. కాని అతడు లెక్కగట్టి వూహించలేదు. యెదురుగా వొక మనిషి నాలుక పోబోతున్నదని తెలిసి వూహించాడు.

నేను చెప్పదలచుకున్నది యీ పూచీని గురించే. సాహిత్యమంటే వట్టి మాటల కూర్పు కాదు. వొకరు పూచీపడి అన్న మాట. ఇది నేను చూశాననో, పడ్డాననో, నమ్మాననో, తప్పయితే నన్ను అడగండనో చెప్పే మాట. యంత్రం మాట యెంత ఇంపుగా వున్నా దానికి పూచీదారు లేడు. దానికి కోసుకోవటానికి నాలుక లేదు, పోవటానికి వుద్యోగం లేదు, తలవంచుకోవటానికి వూరు లేదు. హృదయం వున్నదా లేదా అనే చర్చ తేలేది కాదు. పూచీ యెవరిది అనే ప్రశ్నకు మాత్రం జవాబు చెప్పి తీరాలి.

దీనికి మిత్రులు రెండు ఆక్షేపణలు చెప్పారు. మొదటిది: ఆ తల్లి చేతుల సంగతి యంత్రానికి చెపితే అది కూడా చక్కని వాక్యంగా రాసిపెడుతుంది కదా అని. నిజమే, రాస్తుంది. ఆ వాక్యం బాగుండవచ్చు కూడా. కాని ఆ సంగతి చెప్పినది యెవరు? అన్నం కలిపిన చెయ్యి, ఆ చేతిని చూసిన కూతురు. వాళ్ళ పేర్లు ఆ వాక్యంలో మిగలవు. యెవరో చూసి తెచ్చిన సరుకును యంత్రం మూటగట్టింది. వర్తకుడి ముద్రతో అది బజారుకు వస్తుంది. రెండవ ఆక్షేపణ దీనికంటె గట్టిది: మన జానపద గేయాలకు కర్త యెవరు? పేరులేని సాహిత్యానికి పూచీదారెవరు?

నాట్లు వేస్తూ పాడిన పాటకు కర్త పేరు లేకపోవచ్చు, పూచీ మాత్రం వున్నది. ఆ పాట తప్పయితే పక్క మనిషి దిద్దుతుంది. నచ్చకపోతే మడిలో యెవరూ అందుకోరు. వంచిన నడుములన్నీ కలిసి దానికి పూచీ. పేరు లేకపోవటమూ, పూచీ లేకపోవటమూ వొకటి కాదు. యీ తేడా తెలుసుకోవటానికి చందమామ చరిత్ర చూస్తే చాలు.

1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణిగార్లు మొదలుపెట్టిన ఆ పత్రికలో 1952నుంచి 1980లో కన్నుమూసేవరకూ కొడవటిగంటి కుటుంబరావుగారు పనిచేశారు. వచ్చిన కథలను దిద్దారు, తిరగరాశారు, పిల్లలకు అర్థమయ్యే వచనాన్ని తీర్చారు. యెన్నో పుటలమీద ఆయన పేరు లేదు. పిల్లలు వూపిరి బిగబట్టి చదివిన ధారావాహికలను యేళ్ళ తరబడి రాసిన దాసరి సుబ్రహ్మణ్యంగారి పేరు పాఠకులకు చాలాకాలం తెలియనేలేదు. తన పేరుతో అంత పదునైన విమర్శ రాసిన కుటుంబరావుగారు, పేరు లేని పిల్లల కథలోనూ అదే శ్రద్ధ చూపారు. వెనుక మనిషి వున్నాడు గనకనే ఆ వచనం మూడు తరాలవాళ్ళకు తెలుగు నేర్పింది. పేరు దక్కకపోవటం వాళ్ళకు జరిగిన అన్యాయమే. ఆ అన్యాయాన్ని ఇప్పుడు వొక సాధారణ నియమంగా మార్చబోతున్నారనేదే నా భయం.

2024 జనవరిలో హైదరాబాదులో 'స్వేచ్ఛ' అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు ఉద్యమ సంస్థ, ఓజోన్‌టెల్ అనే కంపెనీ తదితరులతో కలిసి తెలుగు కథలు చెప్పే వొక చిన్న భాషా నమూనాను విడుదల చేసింది. దాని పేరు కూడా 'చందమామ కథలు'. ఇంజనీరింగు విద్యార్థులు వేల సంఖ్యలో కూర్చుని తెలుగు కథల పుటలను యంత్రం చదవగలిగేట్టు సిద్ధం చేశారు. యీ ప్రయత్నాన్ని నేను తక్కువ చెయ్యను. ఇంగ్లీషు రాజ్యమేలే యీ రంగంలో తెలుగుకు చోటు చెయ్యటం, అందరికీ అందుబాటులో వుండే పద్ధతిలో చెయ్యటం అభ్యుదయకరమైన పనే. అయితే అదే సరుకును విదేశీ గుత్త కంపెనీలు యెవరినీ అడక్కుండా తీసుకుపోతున్నప్పుడు, కథ చెప్పిన అవ్వకూ, రాసుకున్న పంతులుకూ, దిద్దిన సంపాదకుడికీ యేమి దక్కుతుందనే ప్రశ్న వస్తుంది. 2024 నవంబరులో ఏఎన్ఐ వార్తాసంస్థ తన వార్తలను అనుమతి లేకుండా వాడుకున్నారంటూ ఢిల్లీ హైకోర్టులో ఓపెన్ఏఐ కంపెనీమీద దావా వేసింది. వార్తాసంస్థకు న్యాయవాదులున్నారు. అవ్వకు యెవరున్నారు?

మా జిల్లాకు మరింత దగ్గరి వుదాహరణ వొకటున్నది. శ్రీపతి పండితారాధ్యుల బాలసుబ్రహ్మణ్యంగారిని నెల్లూరువాళ్ళం మా మనిషిగానే చెప్పుకుంటాం. వారి తండ్రి సాంబమూర్తిగారు నెల్లూరులో హరికథలు చెప్పి పేరు పొందినవారు. 2020 సెప్టెంబరు 25న బాలుగారు పోయారు. 2023లో వచ్చిన 'కీడా కోలా' అనే తెలుగు చిత్రంలో ఆయన గొంతును కృత్రిమ మేధతో తిరిగి పుట్టించి వాడుకున్నారని, తమ అనుమతి తీసుకోలేదని ఆరోపిస్తూ 2024 ఆరంభంలో వారి కుటుంబం చిత్ర నిర్మాతలకూ, సంగీత దర్శకుడికీ లీగల్ నోటీసు పంపింది. అదే రోజుల్లో 'లాల్ సలాం' అనే తమిళ చిత్రంలో చనిపోయిన ఇద్దరు గాయకుల గొంతులను వాడిన ఏ. ఆర్. రెహమాన్, వారి కుటుంబాల అనుమతి తీసుకున్నామనీ, తగిన పారితోషికం చెల్లించామనీ ప్రకటించారు.

రెండవ పద్ధతి మొదటిదానికన్న మర్యాదైనది. కాని చర్చ అక్కడితో ముగియదు. గొంతు దేవుడిచ్చిన వరమనటం మన వాడుక. నిజానికి అది శ్రమ. యేళ్ళ తరబడి చేసిన సాధన, రికార్డింగు గదిలో గంటలకు గంటలు నిలబడటం, పలుకు పలుకుకీ పడిన తాపత్రయం అందులో పేరుకుని వున్నాయి. గడిచిపోయిన శ్రమ పెట్టుబడిగా మారి, బతికున్న శ్రమమీద పెత్తనం చేస్తుందని మార్క్సు వివరించాడు. దాన్ని మనం యంత్రాలకూ, మిల్లులకూ వర్తించే అలంకారంగా చదువుకుంటూ వచ్చాం. ఇవాళ అది అక్షరాలా నిజమైంది: చనిపోయిన గాయకుడి గొంతు పనికి వస్తుంది, బతికున్న గాయకుడు పని లేక ఇంట్లో కూర్చుంటాడు. కుటుంబం అనుమతించినా, పెళ్ళిళ్ళలో, తిరునాళ్ళలో పాడుకునే మన వూళ్ళ కుర్రాడి అనుమతి యెవరూ అడగరు. 2024 జులైలో అరిజిత్ సింగ్ గొంతును యిలా నకలు చెయ్యరాదని బొంబాయి హైకోర్టు మధ్యంతర ఉత్తర్వు యిచ్చింది. పేరున్న గాయకుడికి న్యాయస్థానం తలుపు తెరిచింది. పేరులేని గాయకుడు ఆ గడపదాకా పోనేలేడు.

పూచీ విషయంలో యిది మరీ స్పష్టంగా కనబడుతుంది. 2023 జులైలో వొక తెలుగు వార్తా చానలు 'మాయ' అనే పేరుతో కృత్రిమ మేధ వార్తాహరిని ప్రవేశపెట్టింది. జీతం లేదు, సెలవు లేదు, సంఘం లేదు. అబద్ధం చదవనని మొరాయించే ప్రమాదం అసలే లేదు. వార్త చదివేవాళ్ళు నిస్సహాయులే కావచ్చు, కాని ఆ ముఖం వెనుక వొక మనస్సాక్షి వుండేది. యెప్పుడైనా వొకరు తలెత్తి కాదనగలిగేవారు. పెట్టుబడిదారుకు కావలసింది జీతం లేని మాట మాత్రమే కాదు, యెదురు తిరగని మాట, జవాబు చెప్పనక్కరలేని మాట. జీతమూ పూచీ రెండూ వొక్క దెబ్బతో తెగిపోవటమే యీ యంత్రంలో అతనికి కనబడే గొప్ప సౌకర్యం.

యంత్రం వచ్చి పని పోవటం మా ప్రాంతానికి కొత్త కాదు. పెన్నా డెల్టాలో వరి కోతకు యంత్రాలు దిగిన తరువాత కోతకూలీల ముఠాలు చెదిరిపోయినయి. పొలాలు రొయ్యల గుంటలైన చోట నాట్లు కూడా పోయినయి. నడుము వంచి చేసే ఆ పని గొప్పదని, పోయినందుకు యేడవాలని నేననను. అది ఆడవాళ్ళ నడుములు విరిచిన పని. కాని యంత్రం ఆదా చేసిన ఆ శ్రమ విశ్రాంతిగా వాళ్ళ ఇళ్ళకు రాలేదు. యంత్రం లాభం యజమాని జేబులోకి పోయింది. కూలీ మనిషి ఐసుగడ్డల షెడ్డులోకి పోయింది.

మా పెదనాన్న నెల్లూరులో వొక చిన్న అచ్చాఫీసులో కంపోజిటరుగా పనిచేశాడు. సీసపు అక్షరాలను వొక్కొక్కటే యేరి పేర్చేవాడు. రాతప్రతిలో తప్పు కనిపిస్తే రచయిత యెంతటివాడైనా కబురుపెట్టి, "అయ్యా, యిక్కడ మీరనుకున్నది యిదేనా?" అని అడిగేవాడట. ఆయన చదివింది అయిదో తరగతి. కంప్యూటరు కంపోజింగు వచ్చి ఆ పని పోయింది. ఆయన తరువాత పదేళ్ళు వొక గోడవునులో కాపలా వున్నాడు. అక్షరాలు పేర్చే పనిని యంత్రం తీసుకున్నది, మంచిదే. తప్పు అడిగే మనిషిని కూడా దానితోపాటే బయటికి పంపేశారు. మన అచ్చుపుస్తకాల్లో యివాళ కనిపించే తప్పుల సంఖ్య చూస్తే ఆ నష్టం తెలుస్తుంది.

కనుక యంత్రాలను పగలగొట్టమనా? 1811లో ఇంగ్లండులో నేతపనివారు మగ్గాలను పగలగొట్టారు. వాళ్ళను వెర్రివాళ్ళని చరిత్రపుస్తకాలు వెక్కిరించాయి. వాళ్ళు వెర్రివాళ్ళు కారు. పొట్టకూటికోసం చేతికందిన ఆయుధం పట్టినవాళ్ళు. అయితే యంత్రం వేరు, పెట్టుబడి దాన్ని వాడుకునే తీరు వేరు అనే తేడా తెలుసుకోవటానికి కార్మికులకు కాలమూ అనుభవమూ పట్టినయని మార్క్సు 1867లో వెలువడిన 'పెట్టుబడి' మొదటి సంపుటంలో అన్నాడు. ఆ అనుభవం మనకిప్పుడు వున్నది. 2023 మే 2న అమెరికాలో సినిమా, టెలివిజన్ రచయితల సంఘం సమ్మెకు దిగింది. 148 రోజులు సాగిన ఆ సమ్మె చివర కుదిరిన వొప్పందంలో, యంత్రం రాసినదాన్ని సాహిత్యరచనగా లెక్కించరాదనీ, యంత్రాన్ని వాడితీరాలని రచయితను బలవంతపెట్టరాదనీ నిర్మాతలచేత అంగీకరింపజేశారు. వాళ్ళు యంత్రాన్ని నిషేధించమనలేదు. దానిమీద తమకూ పట్టు కావాలన్నారు. సంఘం వున్నది గనక సాధించుకున్నారు.

యంత్రం తనంతట తానే తెలివైనదైందనే భ్రమ కూడా మనం వదులుకోవాలి. చాట్‌జీపీటీ బూతులూ, హింసా వల్లించకుండా చెయ్యటానికి, ఆ రోత అంతా చదివి వేరుచేసినవాళ్ళు ఆఫ్రికాలోని కెన్యా కార్మికులనీ, వాళ్ళ చేతికి గంటకు 2 డాలర్లకన్న తక్కువ ముట్టిందనీ 2023 జనవరిలో టైమ్ పత్రిక బయటపెట్టింది. 'కృత్రిమ' అనే మాట వెనుక యెంత సహజమైన చెమట వున్నదో దీన్నిబట్టి తెలుస్తుంది.

పూచీ వున్న మాట యేమి చెయ్యగలదో చూడాలంటే మా జిల్లా దూబగుంటకు పోవాలి. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం సాగింది. రాత్రిబడుల్లో కూలి ఆడవాళ్ళు చదువుకున్న వాచకంలో సారావల్ల వొక సంసారం పడిన అవస్థను చెప్పే పాఠం వున్నది. అందులో అలంకారాలు లేవు, యెర్రబారిన తూర్పు లేదు. ఆ పాఠం చదివిన ఆడవాళ్ళు అది తమ కథేనన్నారు. 1992లో దూబగుంట మహిళలు సారా అంగడి మూయించారు. ఆ నిప్పు జిల్లా దాటి రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరులో సారాను నిషేధించారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. ఆ నిషేధం యెక్కువకాలం నిలవలేదన్నది వేరే సంగతి. వొక చిన్న పాఠం ప్రభుత్వాలను కదిలించిందన్నది చరిత్ర.

ఆ బలం దానికి యెక్కడిది? శిల్పంలో లేదు. ఆ పాఠం రాసినవాళ్ళకు, చెప్పినవాళ్ళకు ఆ వూళ్ళు తెలుసు. కళాజాతాలతో వాడవాడా తిరిగి, ఆ అరుగులమీద కూర్చుని వచ్చినవాళ్ళు. చదివిన ఆడవాళ్ళు యెదురు ప్రశ్న వేస్తే జవాబు చెప్పవలసినవాళ్ళు. యివాళ యంత్రాన్ని అడిగితే సారామీద అంతకంటె నున్నని పాఠాలు వెయ్యి రాసిస్తుంది. దానికి సారా కాంట్రాక్టరంటే భయమూ లేదు, ఆడవాళ్ళంటే బాధ్యతా లేదు. సారా మంచిదని రాయమంటే అదీ అంతే నున్నగా రాయటానికి దానికి అడ్డు లేదు. అడ్డు పెట్టేదీ తీసేదీ దాని యజమాని.

మరి మన సంఘాలు చెయ్యవలసిందేమిటి? యంత్రాలకు అందించే రచనలకు, గొంతులకు అనుమతీ, పేరూ, ప్రతిఫలమూ వుండాలని కోరాలి. యంత్రంవల్ల ఆదా అయిన శ్రమలో పాలు కావాలని అడిగే అనువాదకులకు, ప్రూఫురీడర్లకు, గాయకులకు, డబ్బింగు కళాకారులకు వెన్నుదన్నుగా నిలవాలి. యివి బయటి పనులు. యింటిపని వొకటున్నది, అది యింతకన్న కష్టం: అచ్చుపోసిన మన కవిత్వాన్ని మనమే తిరస్కరించటం. నాలాంటి న్యాయనిర్ణేతలు పిడికిళ్ళు లెక్కపెట్టి బహుమతులివ్వటం మానెయ్యటం. "ఇదేం కవిత్వం సార్?" అని అడిగిన పిల్లకు, ఇదేనమ్మా కవిత్వం అని చెప్పటం.

నేను ఆ మాట ఆలస్యంగానైనా చెప్పాను. బహుమతి ఆమె తిరిగి ఇచ్చేసింది. రెండు నెలల తరువాత వొక నోటుపుస్తకపు కాగితం తెచ్చి చేతికిచ్చింది. పద్నాలుగు పంక్తులు. ఐసు, తలలు, సంచుల లెక్క, అన్నం వేడి, అంతే. రెండుచోట్ల భాష కుంటుపడింది, ముగింపు లేదు. కాలేజీ సంచికలో వేస్తామన్నాను. ఆ పిల్ల కాసేపు ఆలోచించి, "పేరు వెయ్యొద్దు సార్. షెడ్డువాళ్ళకి తెలిస్తే అమ్మని రేపట్నించి రావద్దంటారు" అన్నది.

అప్పుడు నాకు తేడా పూర్తిగా బోధపడింది. బహుమతి పొందిన కవితకు యెవరి పేరు పెట్టినా యెవరికీ యేమీ కాదు. యీ పద్నాలుగు పంక్తులకు మాత్రం పేరు పెడితే వొక ఇంట్లో పొయ్యి ఆగిపోతుంది. మాటకు విలువ వున్నదనటానికి యింతకన్న వేరే రుజువు అక్కరలేదు.

కవిత సంచికలో వచ్చింది. రాసినవారి పేరు వెయ్యవలసినచోట సంపాదకవర్గంలోని అయిదుగురు అధ్యాపకులం, యిది మాకు తెలిసినవారు రాసిన నిజమనీ, యెవరు అడిగినా జవాబు మేము చెపుతామనీ రాసి, మా పేర్లు వేసుకున్నాం. ఆమె అనుమతితోనే యీ సంగతి యిక్కడ రాస్తున్నాను. వూరి పేరూ, షెడ్డు పేరూ చెప్పను. వొంటరిగా పూచీపడలేని మనిషి మాటకు పదిమందీ కలిసి పూచీపడటానికే రచయితల సంఘాలు పుట్టినయని నా నమ్మకం. సంచిక వెలువడిన నాలుగో రోజున వొక పెద్దమనిషి ఫోను చేసి, ఆ కవిత యెవరు రాశారని అడిగాడు. మా అయిదుగురి పేర్లూ చదివి వినిపించాను.